దత్తమండలాల మన్రో దొర

ఉగాదినాడు పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు మనం ముందుగా చెవి యొగ్గి వినేది నవనాయకుల ఫలం. ఈ యేటికి రాజెవరు, మంత్రి యెవరు, సేనాధిపతి యెవరు, సస్యాధిపతి యెవరు అని సిద్ధాంతిగారు వరుసగా చెబుతారు. కొన్ని సంవత్సరాలలో ఒకే గ్రహానికి రెండు మూడు ఆధిపత్యాలు వచ్చి పడుతాయి. అది లోకానికి మేలా, కీడా అని పెద్దలలో చర్చ సాగుతుంది. గ్రహాల సంగతి సిద్ధాంతులకు వదలిపెడదాము. సైన్యం, శిస్తు, న్యాయం అనే మూడు అధికారాలను ఒక్క జీవితంలో వహించిన ఒక మనుష్యుని చరిత్రను మా శక్తి కొలది సోదరసోదరీమణులకు మనవి చేయదలచినాము. ఆయన సర్ థామస్ మన్రో. మన తాతలు 'మన్రో దొర' అని పిలిచిన వాడు.

హుబ్బళ్ళిలో స్థిరపడిన మనకు ఈ మన్రో దొరతో పని యేమిటని కొందరికి తోచవచ్చు. గుంతకల్లులో రైలెక్కి బళ్ళారి, హొసపేట, కొప్పళ, గదగ్ మీదుగా హుబ్బళ్ళికి వచ్చిన కుటుంబాలు మనలో యెన్నో వున్నాయి. రైలు గుమాస్తాలమైన మాకు ఆ దారి స్టేషన్లన్నీ కంఠపాఠమే. రైలు పుట్టక ముందే ఆ దారికి రెండు కొసలా మన్రో పనిచేసినాడు. ఆ కొసన గుత్తి, బళ్ళారి సీమలలో ఏడేండ్లు కలెక్టరు. ఈ కొసన గదగ్, హుబ్బళ్ళి, ధారవాడలలో సేనాని. మధ్యనున్న బళ్ళారి జిల్లా 1953 అక్టోబరు 1న రెండుగా చీలి, ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రానికి, తక్కినవి మైసూరుకు చేరినవి. ఆయన చరిత్ర మాత్రం రెండు రాష్ట్రాలకూ చెందినదిగానే మిగిలింది. కృష్ణగిరి, ధర్మపురి వైపు బంధువులున్న వారికి కూడ ఇందులో పాలు వున్నది.

మన్రో 1761 మే 27న స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వర్తకం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వర్తకాన్ని నిలువునా ముంచింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కుర్రవాడు కుటుంబం కోసం కంపెనీ కొలువులో చేరి, 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగినాడు. వచ్చిన యేడే హైదరలీతో యుద్ధం వచ్చింది. నాలుగేండ్లు దానిలో తిరిగాడు. తరువాత సోదరికి వ్రాసిన జాబులో, యింటివారు తలచుకొనే వైభవమేమీ తనకు లేదనీ, తలక్రింద దిండుకు బదులు పుస్తకమో, తూటాల సంచియో పెట్టుకొని పడుకొనేవాడననీ తెలిపినాడు. అయితే ఆ బీదతనంలోనే హిందూస్తానీ, పారశీకం నేర్చుకొన్నాడు. ఆయన భవిష్యత్తును మార్చినది కత్తికంటె ఈ భాషాజ్ఞానమే అని మా అభిప్రాయం.

ఎందుకంటే, 1792లో టిప్పు సుల్తానుతో సంధి జరిగి బారామహల్, అనగా నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం, కంపెనీకి దక్కింది. దానిని పాలించడానికి దేశభాషలు తెలిసిన దొరలు మద్రాసు సివిలు ఉద్యోగులలో తగినంతమంది దొరకలేదు. అందుచేత గవర్నరు జనరలు కారన్‌వాలిస్ సైన్యంనుండి కెప్టెన్ అలెగ్జాండర్ రీడును పిలిచి, ముగ్గురు సైనికోద్యోగులను సహాయకులుగా ఇచ్చాడు. వారిలో మన్రో ఒకడు. అక్కడ ఏడేండ్లు వూరూరా తిరిగి, రైతు ఏ మడికి ఎంత కడుతున్నాడు, మధ్యవాడు ఎంత మింగుతున్నాడు, కరణం లెక్కలో ఏది నిజం, ఏది కల్పన అని తరచి తరచి నేర్చుకొన్నాడు. సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూచుకోవాలి, నడుమ జమీందారు వద్దు అనే రైతువారీ పద్ధతి ఈ బారామహల్ నేలలోనే మొలకెత్తింది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయిన పిమ్మట మైసూరు రాజ్యాన్ని పంపకం చేసిన కమిషనుకు మన్రో, జాన్ మాల్కం కార్యదర్శులుగా పనిచేశారు. తరువాత మన్రో కొద్దికాలం కన్నడ కోస్తా జిల్లాకు కలెక్టరుగా వెళ్ళినాడు. 1800 అక్టోబరులో నిజాం నవాబు, తనకు కాపలా వుండే కంపెనీ సైన్యపు ఖర్చుక్రింద, బళ్ళారి, అనంతపురం, కడప సీమలను, కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చివేశాడు. అవే దత్తమండలాలు. ఈ పేరులో వున్న చిన్నతనాన్ని సహించలేక 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అని పేరు పెట్టుకొన్నాము. ఆ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చాడు. ఆయన క్రింద నలుగురు సబ్‌కలెక్టర్లు వుండేవారు.

ఆనాటి సీమ స్థితిని తలచుకొంటే గుండె బరువెక్కుతుంది. చిన్నా పెద్దా కలిసి సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి క్రింద 30 వేల వరకు ఆయుధం పట్టిన బంట్లు. ఒక యేట నిజాం మనుష్యులు, ఒక యేట మరాఠీ సేనలు, ఒక యేట మైసూరు సేనలు వచ్చి అదే రైతును మరల మరల పిండినవి. కోట లేని వూరు లేదు. పొలానికి పోయే రైతు నాగలితోపాటు కత్తికూడ పట్టుకొనవలసి వచ్చేది. జనరల్ క్యాంబెల్ సైన్యం సహాయంతో మన్రో పాలెగాండ్ర బలం విరిచినాడు. లొంగిన వారికి పింఛను. లొంగని వారికి చెర, లేదా దేశాంతరం.

ఇక్కడ మేము ఒక నిజం దాచరాదు. ఈ అణచివేతలో పాలెగాండ్రు మాత్రమే నలగలేదు. 1801లో తెర్నేకల్లు వూరివారు శిస్తుకు ఎదురు తిరిగినప్పుడు వారి కోటను కంపెనీ సైన్యం ముట్టడించి పట్టుకొన్నది. నాయకులకు ప్రాణాలు దక్కలేదు. పింఛనుతో సరిపుచ్చిన పాలెగాండ్ర యిండ్లలో ఆ అవమానం నివురుగప్పిన నిప్పుగా మిగిలింది. రేనాటిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడినప్పుడు ఆ నిప్పే రగిలింది. ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. మన కుటుంబాలలో పాలెగాండ్ర బంట్ల వంశంవారూ వున్నారు, కరణాల వంశంవారూ వున్నారు, మన్రో చేతి పట్టాతో స్థిరపడిన రైతుల వంశంవారూ వున్నారు. కాబట్టి ఒకరి మెప్పును అందరి మెప్పుగా వ్రాయడం న్యాయం కాదు.

పాలెగాండ్ర పని ముగియకముందే కొలత మొదలయింది. 1802లో గుమాస్తాలు 33 అడుగుల గొలుసు పట్టి పొలాలు కొలవసాగారు. ఆ గొలుసు పొడవు, గొలుసు వెడల్పు గల నేల 40 ముక్కలైతే ఒక ఎకరం. కొండలూ గుట్టలూ తప్ప ప్రతి చెక్కా కొలిచి, మట్టి రకం చూచి, తరగతి కట్టి, వూరి రెడ్డిని, కరణాన్ని, రైతులను కూర్చోబెట్టి శిస్తు నిర్ణయించారు. ఈ పనికి నాలుగైదేండ్లు పట్టింది. మన్రో మేడలో కూర్చొని కాగితాలమీద సంతకాలు చేసిన కలెక్టరు కాడు. గుడారం వేసుకొని వూరూరా తిరిగేవాడు. రైతు నేరుగా వచ్చి మొర చెప్పుకోవచ్చు. ఆ మొరను దుబాసీ నోట కాక తన చెవితో వినేవాడు.

అయితే కొలత సరిగా వున్నంత మాత్రాన శిస్తు న్యాయంగా వుండదు గదా. ఈ శిస్తు పంటలో నూటికి 45 వంతులదాకా పోతున్నదని మన్రోయే లెక్కకట్టినాడు. 1807లో సెలవుమీద స్వదేశం వెళ్ళబోతూ, దీనిని నాలుగోవంతు తగ్గించి తీరాలి, తోటభూములకు మూడోవంతు తగ్గించాలి అని ప్రభుత్వానికి వ్రాశాడు. తాను కట్టిన శిస్తు ఎక్కువయిందని తానే వ్రాసే అధికారి అరుదు. కాని పైవారు వినలేదు. రైతువారీనే ఎత్తివేసి గ్రామాలను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తకు ఇచ్చారు. గుత్తదారులు కొందరు దివాలా తీశారు, వారిక్రింద రైతులు చితికిపోయారు. చివరకు 1820లో మన్రోయే గవర్నరుగా వచ్చిన తరువాతగాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. అవసరం తెలిసిన నాటికి, ఉత్తరువు వచ్చిన నాటికి నడుమ 13 ఏండ్లు! ఆఫీసులలో ఫైళ్ళు నడిచే తీరు యెరిగిన మాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కాని ఆ 13 ఏండ్లు శిస్తు కట్టిన రైతుకు అది ఫైలు కాదు, జీవితం.

ఇక న్యాయం సంగతి. కారన్‌వాలిస్ బెంగాలులో పెట్టిన కోర్టుల పద్ధతిని 1802లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. జిల్లాకు ఒక దొర జడ్జి. ఆయనకు దేశభాష అంతంత మాత్రం. దావా వేయాలంటే స్టాంపు ఖర్చు, వకీలు ఖర్చు, దినాల తరబడి నడక. పది రూపాయల బాకీ రాబట్టుకొనడానికి ఇరవై రూపాయలు పోసుకొనే స్థితి. మన్రో విలాయతులో వున్న కాలంలోనే, 1813 ప్రాంతంలో, కంపెనీ పట్టా తిరిగి వ్రాయడానికి పార్లమెంటు సాక్ష్యాలు తీసికొన్నది. అక్కడ ఆయన ఇచ్చిన సమాధానాలు పెద్దల మనస్సుకు ఎక్కినవి. ఫలితంగా 1814లో న్యాయపద్ధతిని సంస్కరించే కమిషనుకు అధ్యక్షుడుగా మద్రాసుకు తిరిగి వచ్చాడు. లా చదివినవాడు కాడు, గౌను తొడిగినవాడు కాడు. ఆయన చదివిన లా అంతా చావడి అరుగుమీద విన్న తగవులే.

ఆ కమిషను ఫలితమే 1816 రెగ్యులేషన్లు. గ్రామ పెద్దకు మునసబు అధికారం ఇచ్చి పది రూపాయలలోపు దావాలు వూరిలోనే తేల్చమన్నారు. పైన దేశీయులైన జిల్లా మునసబులను పెట్టారు. పంచాయతీలకు చట్టంలో చోటిచ్చారు. తలారిని, వూరి కావలిని తిరిగి వూరి పెద్దకే అప్పగించారు. 'మునసబు' అనే మాట మన పల్లెలలో నాటుకొనడం ఈ చట్టం వల్లనే. ఆ పదవి ఎన్నో రూపాలు మారి తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది. ఆ రోజులు చూచిన పెద్దలు మన సంఘంలో ఇంకా వున్నారు. 'మునసబుగారి మనుమడు' అని నేటికీ పిలిపించుకొనేవారూ లేకపోలేదు.

ఈ చట్టాలు అనుకొన్నట్టు పనిచేసినవా? కొంతవరకే. జిల్లా మునసబుల కోర్టులు బాగా వేరూనినవి. మన దేశస్థుడు మన భాషలో చెప్పిన తీర్పు జనానికి నచ్చింది. పంచాయతీలను మాత్రం జనం అంతగా ఆశ్రయించలేదు. పూర్వం పంచాయతీ పెద్దరికంమీద నడిచింది. సర్కారు కాగితంతో పెద్దరికం పుట్టదు.

వీటన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. జిల్లాలో పోలీసు, మేజిస్ట్రేటు అధికారాలను జడ్జి చేతినుండి తీసి కలెక్టరుకే ఇచ్చారు. శిస్తు వసూలు చేసేవాడే నేరస్థుని పట్టేవాడు, శిక్షించేవాడు అయినాడు. కలెక్టరు మన్రోవంటి వాడైతే, గుడారం ముందు రైతు నిలిచి మాట్లాడవచ్చు. కాని ప్రతి తాలూకాకు ఒక మన్రో దొరుకుతాడా? 1854లో నియమింపబడి, మరుసటి యేడు నివేదిక ఇచ్చిన మద్రాసు చిత్రహింసల కమిషను, శిస్తు రాబట్టడానికి క్రింది ఉద్యోగులు రైతులను హింసించడం నిజమేనని తేల్చింది. ఎండలో నిలబెట్టడం, వంగదీసి కట్టడం వంటివి ఆ నివేదికలో వున్నవి. రెవిన్యూ బంట్రోతే పోలీసు బంట్రోతు కావడంవల్ల బాధితునికి మొరపెట్టుకొనే చోటు లేకపోయింది. 1859 చట్టంతో మద్రాసులో పోలీసుశాఖ వేరైంది. న్యాయశాఖను పరిపాలనాశాఖ నుండి వేరుచేయాలని మన రాజ్యాంగం 50వ అధికరణం ఆదేశించింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిలు 1న అమలులోకి వచ్చిన పిమ్మటగాని అది దేశమంతటా చట్టరూపం దాల్చలేదు. మన్రో ముడివేసిన ముడిని విప్పడానికి నూట యేబది యేండ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు మన హుబ్బళ్ళికి వద్దాము. 1817లో పీష్వాతో యుద్ధం వచ్చింది. మన్రో అప్పటికి ధారవాడలో సివిలు పనిమీద వున్నాడు. బ్రిగేడియర్ జనరలు హోదా ఇచ్చారు గాని చేతికి సైన్యం కొద్దిగానే వచ్చింది. ఆయన ఆ కొద్దిమందిని పట్టుకొని, వూళ్ళలోని బంట్లను జీతానికి చేర్చుకొని, ఒక్కొక్క సీమకు ఒక్కొక్క అమలుదారును నియమించాడు. పీష్వా మనుష్యులను వెళ్ళగొట్టండి, శిస్తు మాకు కట్టండి, దోపిడి వుండదు అని చాటించాడు. 1818 జనవరిలో గదగ్, దంబళ, హుబ్బళ్ళి లొంగినవి. తరువాత బాదామి, బెళగావి, మే నెలలో సోలాపురం పడినవి. మరుసటి యేడు బ్రిటిషు పార్లమెంటులో మంత్రి క్యానింగు ఈ దండయాత్రను ఎంతగానో కొనియాడినాడు. ఫిరంగులకంటె అమలుదారుల చీట్లతో గెలిచిన యుద్ధమిది. జనం దారి ఇవ్వకపోతే ఆ కొద్ది సైన్యం మలప్రభ దాటేది కాదు. కలెక్టరుగా నేర్చిన విద్యే సేనానిగా అక్కరకు వచ్చింది.

1820 జూన్‌లో మన్రో మద్రాసు గవర్నరు అయినాడు. ఏడేండ్ల ఆ పాలనలో రెండు సంగతులు చెప్పి ముందుకు సాగుతాము. మొదటిది చదువు. మన పల్లెలలో బడులెన్ని, పిల్లలెందరు అని 1822లో కలెక్టర్లందరినీ లెక్క అడిగాడు. 1826కు వచ్చిన లెక్కలో రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అప్పటి జనసంఖ్య 1,28,50,941. తెల్లవారు రాక ముందు మనకు చదువే లేదనేవారికి ఈ అంకెలు చాలు. రెండవది 1824 డిసెంబరు 31నాటి ఆయన మినిట్. దేశస్థులను చిన్న ఉద్యోగాలకే పరిమితం చేస్తే జాతి శీలం దిగజారుతుందనీ, వారు తమ్ము తాము పాలించుకొనగల దినం వచ్చినప్పుడు ఇంగ్లీషువారు తప్పుకొనడమే ఇరువురికీ మంచిదనీ అందులో వ్రాశాడు. అయితే ఆ మనిషే 1822లో, ఈ దేశంలో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వరాదని గట్టిగా వాదించినాడు. ఈ రెండూ ఒకే కలం వ్రాసినవే. ప్రజలకు మేలు చేయాలి, కాని ప్రజలు ప్రశ్నించరాదు అన్నది ఆనాటి మంచి దొరల తత్త్వం కూడ.

ఉద్యోగం విడిచి వెళ్ళిపోవాలని కోరినా, 1824లో బర్మా యుద్ధం వచ్చి ఆగిపోయినాడు. చివరకు 1827లో సెలవు మంజూరై, వెళ్ళేముందు దత్తమండలాలను మరొకసారి చూడాలని బయలుదేరాడు. గుత్తి మీదుగా పత్తికొండ చేరిన తరువాత కలరా తగిలి, 1827 జులై 6న అక్కడే కన్నుమూశాడు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర చింతతోపు నాటి, బావి త్రవ్వించారు. చెన్నపట్నం మౌంటు రోడ్డు చెంత 1839లో నిలిపిన గుర్రపు విగ్రహం మనలో చాలామంది చూచే వుంటారు. జీను, రికాబులు లేని గుర్రమది.

విగ్రహంకంటె పల్లె జ్ఞాపకం గట్టిది. మంత్రాలయంలో మఠం మాన్యం విచారణకు వెళ్ళిన మన్రోతో రాఘవేంద్రస్వామి బృందావనంనుండి మాట్లాడి మంత్రాక్షతలు ఇచ్చారని భక్తులు చెప్పుకొంటారు. గండి క్షేత్రంలో కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటబడిందనీ, అది కనబడినవారికి ఆయువు చెల్లినట్టేననీ కడప జిల్లాలో కథ వున్నది. తిరుమలలో మన్రో గంగాళం పేరు వినని యాత్రికుడు లేడు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారనీ, మాండవ్య ఋషి అవతారమని తలచినారనీ అంటారు. ఇవన్నీ చరిత్ర అని మేము సాధించబోవడం లేదు. వేరే మతస్థుడైన, వేరే దేశస్థుడైన ఒక అధికారిని మన జనం తమ దేవుళ్ళ కథలలో చేర్చుకొన్నారంటే, తమ మాట విన్నవానిని వారు మరువలేదని మాత్రమే అర్థం.

ఆయనను పొగడాలా, తెగడాలా అని సభలో ఓటు తీయవలసిన పని లేదు. మన్రో చేసిన మేలంతా ఒక్క అలవాటునుండి వచ్చింది: వూరికి వెళ్ళి, వూరి భాషలో విని, విన్నదానిని కాగితంమీద పెట్టడం. చేసిన కీడులో చాలాభాగం ఒక్క నమ్మకంనుండి వచ్చింది: మంచివాని చేతిలో అన్ని అధికారాలూ వుంటే చాలుననుకొనడం. మంచివాడు బదిలీ అవుతాడు. అధికారం మాత్రం ఆ కుర్చీలోనే వుంటుంది. తరువాత వచ్చేవాడు ఎవడో మనకు తెలియదు.

ప్రవాసాంధ్రులమైన మనకు ఆ మొదటి అలవాటు మరింత అవసరం. బ్రతుకు తెరువుకు వచ్చిన చోట అక్కడి భాష నేర్చి, అక్కడివారి మాట వినడం మర్యాద మాత్రమే కాదు, బలం కూడ. కన్నడం చక్కగా నేర్చుకొందాము. తెలుగును ఇంట్లో చల్లారనివ్వకుండ చూచుకొందాము. మరొక మనవి. మన యిండ్లలో పాత పెట్టెల అడుగున తాతలనాటి పట్టాలు, కరణం లెక్కలు, మునసబు తీర్పు కాగితాలు వుండవచ్చు. చెదలకు వదలకుండ వాటిని తీసి, పెద్దలున్నప్పుడే వారిచేత చదివించి, పేర్లు, వూళ్ళు వ్రాసి పెట్టుకొనవలసినదిగా ప్రార్థన. దొరల చరిత్ర దొరలు వ్రాసుకొన్నారు. శిస్తు కట్టినవారి చరిత్ర ఆ పెట్టెలలోనే వున్నది.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.